ఫిడేలు నాయుడుగారు

మన బెంగుళూరు నగరమున జన్మించిన తెలుగువారిలో యావద్భారతమునకు కీర్తి తెచ్చిన మహనీయులలో ద్వారం వెంకటస్వామినాయుడుగా రొకరు. మన విద్యార్థులలో పలువురు ఈ నగరముననే పుట్టినను, ఆయన పేరు విననివారే అధికము. కావున ఆ మహావిద్వాంసుని జీవితమును ఈ సంచికయందు సంగ్రహముగా తెలుపుచున్నాము.

నాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన, దీపావళి పర్వదినమున జన్మించిరి. తండ్రి వెంకటరాయుడుగారు సైన్యమున ఉద్యోగము చేసిరి. ఉద్యోగవిరమణానంతరము ఆ కుటుంబము విశాఖపట్టణమున స్థిరపడెను. బాలుడు వెంకటస్వామికి కష్టమొకటి కలదు. అది దృష్టిమాంద్యము. కన్ను సరిగా కానని పిల్లవానికి బడి చదువు ఎంత దుర్భరమో మనము ఊహింపగలము. ఆ కారణముననే ఆయన పాఠశాల విద్య మధ్యలో ఆగిపోయెను. అట్టి పిల్లవాని భవిష్యత్తునుగూర్చి ఏ తలిదండ్రులు బెంగపెట్టుకొనరు?

ఆ సమయమున అన్నగారైన వెంకటకృష్ణయ్యగారు తమ్మునిచేత ఫిడేలు పట్టించిరి. ఆయనయే తొలి గురువు. ఆ ఇంటిలో సంగీతము నిత్యము వినబడుచుండెడిది. కన్ను చేయలేని పనిని చెవి చేయుటకు పూనుకొనెను.

ఫిడేలు మన దేశమున పుట్టిన వాద్యము కాదు. అది పాశ్చాత్యులవలన మనకు వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులవంటివారు దానిని కర్ణాటక సంగీతమున కలవరచిరి. మన విద్వాంసులు నేలపై కూర్చుండి, వాద్యమును రొమ్మునకును పాదమునకును నడుమ ఆనించి, నాలుగు తంత్రులను షడ్జ పంచమములకు శ్రుతిచేసి వాయింతురు. వీణకు మెట్లు కలవు; ఫిడేలుకు లేవు. స్వరస్థానము ఎచ్చటనున్నదో కంటికి చూపు గుర్తేదియు లేదు. వేలు వెంట్రుకవాసి జరిగినను స్వరము చెడును. చెవి దానిని పట్టుకొనవలెను. చేయి వెంటనే దిద్దుకొనవలెను. సరళీ స్వరములు, జంట స్వరములు, అలంకారములు మొదలుకొని గీతములు, వర్ణములు, కృతులవరకు సాగు ఈ విద్యకు ఏండ్లతరబడి సాధన కావలెను. చూపు తక్కువైన బాలునకు ఈ వాద్యము శిక్ష కాలేదు; శరణ్యమైనది.

1919వ సంవత్సరమున విజయనగర ప్రభువులు విజయరామ గజపతిగారు సంగీత కళాశాలను స్థాపించిరి. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. అప్పటికి ఇరువదియారేండ్ల వయస్సుననున్న నాయుడుగారు ఆ కళాశాలలో విద్యార్థిగా చేరవలెనని వెళ్లిరనియు, ఆయన వాదనమును విన్న పెద్దలు విద్యార్థిగా గాక ఫిడేలు ఆచార్యునిగానే నియమించిరనియు ప్రసిద్ధి. బడి చదువు సాగని బాలుడు కళాశాలలో ఆచార్యుడయ్యెను! 1936లో ఆయన ఆ కళాశాలకు అధ్యక్షులైరి. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు విద్య నభ్యసించినది ఆ కళాశాలయందే.

ఆచార్యుడైన పిదపగూడ నాయుడుగారు విద్యార్థిగానే యుండిరి. పాశ్చాత్య సంగీతమును శ్రద్ధతో వినిరి. కమాను నడుపుటలోను, నాదమును నిండుగా పలికించుటలోను వారి నేర్పును గ్రహించి, మన రాగభావమునకు భంగము రాకుండ తమ వాదనమున ఇముడ్చుకొనిరి. అంతవరకు ఫిడేలు ప్రధానముగా గాయకుని అనుసరించు పక్కవాద్యము. నాయుడుగారు గొప్ప గాయకులకు పక్కవాద్యము వాయించుటయే గాక, ఫిడేలుతో తామొక్కరే కచేరీ నడిపి, గాత్రమునకు దీటుగా దానిని నిలిపిరి. ప్రజలు ప్రేమతో ఆయనను ఫిడేలు నాయుడని పిలిచిరి. ప్రపంచ ప్రఖ్యాత వైణికుడు గాక వయొలిన్ విద్వాంసుడైన యెహూదీ మెనూహిన్ 1952లో భారతదేశమునకు వచ్చినపుడు నాయుడుగారి వాదనము విని ముగ్ధుడయ్యెను.

మదరాసు సంగీత విద్వత్సభవారు 1941లో సంగీత కళానిధి బిరుదముతోను, కేంద్ర సంగీత నాటక అకాడమీవారు 1953లో పురస్కారముతోను, భారత ప్రభుత్వము 1957లో పద్మశ్రీ బిరుదముతోను ఆయనను గౌరవించిరి. 1964వ సంవత్సరము నవంబరు 25వ తేదీన ఆయన పరమపదించిరి. కుమార్తె మంగతాయారుగారు ఆ విద్యను అందుకొని ఫిడేలు విదుషీమణిగా పేరొందిరి. శతజయంతి సంవత్సరమగు 1993లో తపాలాశాఖవారు ఆయన చిత్రముతో బిళ్లను వెలువరించిరి.

తలిదండ్రులకు ఒక్క విన్నపము. సంగీతము నేర్చినచో పిల్లల చదువు చెడునని కొందరు భయపడుచున్నారు. చదువు సాగని పిల్లవానిని ఒక వాద్యము ఎంతవానిని చేసినదో చూచితిమి. చదువు సాగు పిల్లలకు అది కీడు చేయునా? నేర్చిన ప్రతివాడును నాయుడుగారు కానక్కరలేదు. బాల్యమున నాలుగేండ్లు వాద్యమును పట్టినవాడు, తరువాత ఏ వృత్తిలో నున్నను, కచేరీలో అపశ్రుతిని గుర్తించును. మంచి సంగతికి తల యూచును. ఆ రుచి జీవితాంతము వెంటనుండును.

విద్యార్థులారా! మనము కన్నడదేశమున నివసించు తెలుగువారము. మన పొరుగువారగు కన్నడిగులును తమిళులును త్యాగరాజస్వామివారి తెలుగు కృతులను భక్తితో నేర్చి పాడుచున్నారు. ఆ మాటల అర్థము మనకు పుట్టుకతోనే లభించినది. వారు శ్రమించి నేర్చుకొన్న స్వరమును మనమును శ్రమించి నేర్చుకొందము. వారడిగినపుడు ఆ మాటల అర్థమును చెప్పుదము. ఈ నగరమున కన్ను తెరచిన నాయుడుగారికి మనము చెల్లింపదగిన గౌరవమదియే.