పిల్లల మాట విన్న పంతులుగారు

మన బడి గురించి, మనకు చదువు చెప్పిన గురువుల గురించి ఈ సంచికలో చాలామంది మిత్రులు రాస్తున్నారు. సంపాదకులు నన్నూ ఒక వ్యాసం అడిగినప్పుడు, మన బడిలో ఎన్నడూ పనిచేయని ఒక బడిపంతులు గురించి రాస్తానన్నాను. ఆయన గిడుగు వెంకట రామమూర్తి. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం పేరుతో ఆయన పటానికి దండ వేస్తాం. వాడుక భాష కోసం పోరాడిన మహానుభావుడని పిల్లలకు చెబుతాం. అయితే అంతకుముందే ఆయన అడవి బిడ్డలకు వాళ్ళ భాషలో చదువు చెప్పించారన్న సంగతి అంతగా చెప్పుకోం. ఈ బడిలో చదివి, తర్వాత గూడేల బడుల్లోనే ఉద్యోగమంతా గడిపిన నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా దగ్గరగా అనిపించేది ఆ భాగమే.

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు గారు పర్లాకిమిడి సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు. కొడుకుకు పన్నెండేళ్ళు వచ్చేసరికి, 1875లో, చోడవరంలో విషజ్వరంతో తండ్రి పోయారు. ఆ పిల్లవాడు విజయనగరంలో మేనమామ ఇంట ఉండి 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యాడు. మరుసటి ఏడే పర్లాకిమిడి రాజావారి బడిలో ఒకటో ఫారం పిల్లలకు చరిత్ర చెప్పే పంతులుగా చేరాడు. జీతం నెలకు 30 రూపాయలు. ఇంటి బరువు నెత్తిన ఉన్నా పై చదువు మానలేదు. ఉద్యోగం చేస్తూనే ఎఫ్.ఏ., బి.ఏ. పూర్తిచేశారు. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్నారు.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో ఉండేవారు సవరలు. పాత సంస్కృత గ్రంథాల్లోని శబరులు వీళ్ళేనని పండితులు భావిస్తారు. భద్రాద్రి పక్కన పుట్టి, శబరి కథ వింటూ, శబరి నది పేరు పలుకుతూ పెరిగిన మనకు ఆ పేరు కొత్త కాదు. సంతకు దిగివచ్చిన సవరల మాట కింది వాళ్ళకు తెలియదు, కింది వాళ్ళ మాట వాళ్ళకు రాదు. తూకంలో, లెక్కలో, కాగితం మీద వేలిముద్రలో ఎవరు నష్టపోతారో అడవి అంచున బతికే మనకు ఒకరు చెప్పక్కర్లేదు. వీళ్ళకు చదువు కావాలని ఆ కుర్ర పంతులుకు తోచింది. ఏ భాషలో చెప్పాలన్నది ఆ వెంటే వచ్చిన ప్రశ్న.

ఆ రోజుల్లో సవర భాషకు బడి పుస్తకాలు లేవు. అది తెలుగుకు చుట్టమూ కాదు. మనది ద్రావిడ భాష, వాళ్ళది ముండా కుటుంబానికి చెందినది. రామమూర్తి గారు సవర తెలిసిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఒక్కొక్క మాటా నేర్చుకున్నారు. కొండలెక్కి ఊళ్ళు తిరిగి విన్నది విన్నట్టు రాసుకున్నారు. ఆ తిరుగుళ్ళలో మలేరియా పట్టుకుంది. తిన్న క్వినైన్‌కు చెవులు దెబ్బతిని వినికిడి పోయింది. ఒక భాషను చెవితో పట్టి కాగితం మీద పెట్టే మనిషికి పోయింది ఆ చెవే. అయినా పని ఆపలేదు.

సవరలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్ళకు తానే జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే వద్దని, ఆ డబ్బుతో ఆ పిల్లలకు మంచి బడి పెట్టమని కోరారు. 1913లో రావు బహదూర్ బిరుదు వచ్చింది.

దీని విలువ గూడెం బడిలో పనిచేసినవాళ్ళకు బాగా తెలుస్తుంది. కోయలో నీళ్ళను ఏరు అంటారు. తెలుగులో ఏరంటే వాగు. ఒకటో తరగతి పిల్లవాడు దాహమై ఏరు అడిగితే, కోయ రాని పంతులుకు వాడు వాగుకు వెళతానంటున్నట్టు వినిపిస్తుంది. నా తరగతిలో ఇలాంటప్పుడు మూడో తరగతి పిల్ల ఒకతె లేచి చెప్పేది. నాకు దుబాసీ ఆ పిల్లే. మాట పంతులుకు అందకపోతే పిల్లవాడు రెండుసార్లు చెబుతాడు, మూడోసారి ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడాన్ని మనం మొద్దుతనమని లెక్కేస్తాం. ఇంటి దగ్గర ఏ చెట్టు ఆకు దేనికి పనికొస్తుందో, ఏ పిట్ట ఎక్కడ గూడు కడుతుందో గడగడా చెప్పే పిల్లవాడు వాడే.

సవర బడుల్లో చూసిన ఈ సంగతే తెలుగు బడుల్లోనూ ఉందని రామమూర్తి గారు గ్రహించారు. తెలుగు పిల్లవాడు ఇంట్లో ఒక తెలుగు మాట్లాడి, బడిలో ఎవరూ మాట్లాడని గ్రాంథికంలో రాయవలసి వచ్చేది. 1907 ప్రాంతంలో పాఠశాలల తనిఖీ అధికారిగా ఉన్న జె.ఎ. యేట్స్ ఈ తేడా ఎందుకని ఆరా తీశాడు. అక్కడినుంచి చర్చ రాజుకుంది. చదువుకునే నాటి నుంచి స్నేహితుడైన గురజాడ అప్పారావు గారు తోడు నిలిచారు. 1911లో ఉద్యోగ విరమణ చేశాక రామమూర్తి గారి బతుకంతా ఈ పోరాటమే. పండితులు సభలు పెట్టి ఎదిరించారు. ఆయన పాత గ్రంథాలే తెరిచి, పూర్వులూ వాడుక మాటలు రాశారని చూపించారు. 1919లో తెలుగు అనే పత్రిక నడిపారు. బడి పరీక్షల్లో వాడుక భాషకు దొరికిన కొద్దిపాటి వెసులుబాటు కూడా ఎదురుగాలికి నిలవలేదు. విశ్వవిద్యాలయాలు దాన్ని ఒప్పుకునేసరికి ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

సవర పనిని మాత్రం చివరిదాకా వదల్లేదు. ఆ భాషకు వ్యాకరణం 1931లో అచ్చయింది. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చేనాటికి ఆయనకు డెబ్బై అయిదేళ్ళు. ఈలోగా 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. తెలుగువాళ్ళున్న ఆ ప్రాంతం అటు పోకూడదని గట్టిగా పోరాడిన ఆయన, యాభై ఏళ్ళకు పైగా బతికిన ఊరు విడిచి రాజమండ్రి చేరారు. 2014లో మన మండలంలోని కొన్ని ఊళ్ళు పక్క రాష్ట్రంలోకి వెళ్ళడం చూసిన మనం ఆ బాధ ఊహించుకోగలం. 1940 జనవరి 22న మద్రాసులో ఆయన కన్నుమూశారు.

ఆయన వేసిన దారి మూసుకుపోలేదు. 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం సవర, కోయ సహా ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకు మొదటి తరగతుల చదువు మొదలుపెట్టింది. ఇప్పుడు ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఇంగ్లీషు వద్దనడం లేదు, అదీ కావాలి. కానీ ఇంట్లో కోయ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు ఉన్న ఆరేళ్ళ పిల్లకు మొదటి మెట్టు ఎక్కడ వేస్తున్నామో చూసుకోవాలి కదా.

స్వర్ణోత్సవానికి ద్వారం కడదామా, విగ్రహం పెడదామా అని సంఘంలో మాటలు నడుస్తున్నాయి. నా విన్నపం ఒక్కటే. మనలో కోయ ఇంటిభాషగా పెరిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళూ, గూడెం పెద్దలూ కూర్చుని మన చుట్టుపక్కల ప్రాథమిక బడుల కోసం ఒక చిన్న కోయ–తెలుగు మాటల పుస్తకం తయారుచేస్తే, అచ్చు ఖర్చు సంఘం పెట్టుకోవచ్చు. ఈ ప్రాంతానికి కొత్తగా వచ్చే ప్రతి పంతులు చేతిలోనూ అది పెడదాం. కోయ వచ్చిన అక్కలు, చెల్లెళ్ళు వారానికి ఒక పూట ఒకటో తరగతిలో కూర్చుని కథలు చెబితే ఇంకా మంచిది. 30 రూపాయల జీతంతో మొదలైన ఒక పంతులు ఒక్కడే అంత చేశాడు. మనం ఇంతమందిమి ఉన్నాం.