కీర్తిశేషులు మాదరి భాగ్యరెడ్డివర్మగారును, వారి చిన్న బడులును

అమరకోశమును వల్లించినవారికి ఒక చిన్న విశేషము జ్ఞాపకముండును. పశువుల గుంపునకు సమజమనియు, తదితరుల కూటమికి సమాజమనియు అమరసింహుడు వేర్వేరు పేళ్లు చెప్పెను. ఈ రెండు మాటలకును గల భేదము ఒక్క దీర్ఘము మాత్రమే. ఒకచోట చేరినంతమాత్రమున జనులు సమాజము కానేరరనియు, ఆ దీర్ఘమును సంపాదించుకొనుటకు సాధన కావలయుననియు మేము విద్యార్థులకు చెప్పుచుండెడివారము. అట్టి సాధనను మన భాగ్యనగరమున చిన్నచిన్న బడుల మూలమున 24 సంవత్సరములు సాగించిన మహనీయుడు మాదరి భాగ్యరెడ్డివర్మగారు. మన సంఘ వార్షిక మహాసభ శ్రీనగర్ కాలనీలో సమావేశమగు ఈ శుభసమయమున వారి చరిత్రమును సోదరసోదరీమణులకును, పోషకమహాశయులకును విన్నవించుట మా విధియని తలంచుచున్నాము.

వర్మగారు 1888వ సంవత్సరము మే నెల 22వ తేదీన హైదరాబాదు నగరమున మాదరి వెంకయ్య, రంగమాంబ దంపతులకు మాలకులమున జన్మించిరి. తల్లిదండ్రులు పెట్టిన పేరు భాగయ్య. వారి కులగురువు ఆ బాలుని భాగ్యరెడ్డి యని పిలిచెను. రెడ్డి శబ్దము ఏలికను తెలుపుననియు, ఈ నేలకు తొలి ఏలికలు మనవారే యనియు ఆ గురువు భావమని పెద్దలు చెప్పుదురు. తరువాత 1913లో ఆర్యసమాజమువారు వర్మ యను బిరుదము నొసగిరి. ఒక పేదయింటి బిడ్డ పేరు ఈవిధముగా మూడు మెట్లెక్కినది. పేరు మనుష్యుని ఎంత పైకెత్తగలదో, ఎంత క్రిందికి త్రోయగలదో వర్మగారు స్వానుభవమున నెరిగిరి. వారి విద్యాకృషికంతకును మూలమిచ్చటనే యున్నదని మా విశ్వాసము.

చిన్ననాట వారికి సంపద లేదు. యౌవనమున సికిందరాబాదులో ఒక బారిస్టరుగారి యింట కొలువు చేయుచు చదువుపై అనురక్తిని పెంచుకొనిరి. 1906లో జగన్మిత్రమండలి యను సంఘమును స్థాపించిరి. హరికథలు, భజనలు, ఉపన్యాసములు దాని సాధనములు. అక్షరము రానివానికి కరపత్రమిచ్చిన ప్రయోజనమేమి? పగలెల్ల కూలి చేసి అలసి వచ్చినవానికి కథ చెప్పి, కథనడుమ మద్యపానము వలని చెరుపును, జాతరలలో మూగజీవులను బలియిచ్చుటలోని క్రౌర్యమును, బాలికలను దేవతల పేరిట విడుచు దురాచారమును బోధించుటయే ఉచితమార్గమని వారు గ్రహించిరి. ఈ మండలియే 1911లో మాన్యసంఘముగా మారినది. లోకము అమాన్యులుగా జూచిన జనమునకు మాన్యశబ్దమును బిరుదముగా కట్టిన ఆ ధైర్యము సామాన్యమైనది కాదు.

ఇక బడుల కథకు వత్తము. ఆ కాలమున నిజాము రాజ్యములో ప్రభుత్వపు చదువు ఉర్దూలో సాగుచుండెను. మన పిల్లల యింటిభాష తెలుగు. తక్కిన పిల్లలతో సమానముగా మన పిల్లలను చేర్చుకొను బడులే అరుదు. చేర్చుకొన్నచోట గూడ వారికి చాప వేరు, నీళ్లకుండ వేరు. ఇట్టి స్థితిలో 1910వ సంవత్సరమున వర్మగారు ఇసామియా బజారునందును, లింగంపల్లియందును తెలుగు బడులను ప్రారంభించిరి. నేడు శ్రీనగర్ కాలనీ నుండి పంజగుట్ట మీదుగా ఇసామియా బజారుకు పోవుట ఒక ప్రయాణముగానైన తోచదు. ఆనాడు మన బాలునకు తన వాడనుండి బడిగడప వరకు గల నాలుగడుగుల దూరమే దాటరానిదైయుండెను.

బడి చిన్నదగుట వలన లోపములు గలవు. కాని మేము జీవితమంతయు బడులలోనే గడపినవారము గనుక, చిన్నబడికి గల బలము గూడ మాకు తెలియును. అచ్చట ఉపాధ్యాయునకు ప్రతి బిడ్డ పేరును తెలియును, తండ్రి చేయు పనియు తెలియును. ఒక బాలుడు రెండుదినములు రాకున్నచో అతని స్థలము బోసిగా కనిపించును. ఉపాధ్యాయుడు సాయంకాలము వాని గుమ్మమున నిలిచి, ఎందుకు రాలేదని అడుగును. ఆ ప్రశ్న ఒక్కటియే తల్లిదండ్రులను గూడ బడిలో చేర్చును. భజన చేయువారును, చందా నిచ్చువారును, పిల్లలను పంపువారును ఒక్క వాడవారే యైనప్పుడు, ఆ బడి పిల్లలు చదువుకొను గది మాత్రమే కాదు, వాడకు సభామందిరము గూడ నగును. మాన్యసంఘమునకును బడికిని నడుమ వర్మగారు గోడ కట్టలేదు. సంఘము బడిని పోషించెను. బడి సంఘమునకు మనుష్యులను తయారుచేసెను.

ఈ కృషికి ఇతరుల సాయమును వర్మగారు నిరాకరింపలేదు. న్యాయమూర్తి రాయ్ బాలముకుందుగారి వంటి ఉదారులు వారికి తోడ్పడిరి. జీవరక్షా జ్ఞానప్రచారకమండలితో గలిసి వారు అహింసను ప్రచారము చేసిరి. బ్రహ్మసమాజమువారితోను, ఆర్యసమాజమువారితోను స్నేహము నెరపిరి. బుద్ధభగవానునియందలి భక్తిచే కుమారునకు గౌతముడని పేరిడిరి. ఎవరి చేయి పట్టుకొన్నను తమ జనుల చేయి విడువకుండుట వారి విశేషము.

1917 నవంబరులో బెజవాడయందు జరిగిన ఆంధ్రదేశపు పంచమ మహాసభకు వర్మగారు అధ్యక్షులైరి. ఆ దినములలో కనకదుర్గమ్మవారి ఆలయద్వారములు మూసివేయబడెను. లోపల సభలో మాత్రము వర్మగారు తమ ప్రజలకు మరియొక ద్వారము తెరచిరి. పంచమశబ్దమునకు పురాణములలో ఆధారము లేదనియు, ఈ నేలకు ఆదివాసులమైన మనకు ఆ పేరు తగదనియు వారు వాదించిరి. ధర్మశాస్త్రము గూడ వర్ణములు నాలుగే యనియు, అయిదవది లేదనియు చెప్పుచున్నదని సంస్కృతము చదివిన మేము ఇచ్చట చేర్చవచ్చును. శాస్త్రము లేదన్నదానిని లోకము మన నొసట వ్రాసినది. ఆ సభలో ఆదిఆంధ్ర నామము స్వీకరింపబడెను. మద్రాసు ప్రభుత్వము 1922లో దానిని అంగీకరించెను. హైదరాబాదున మాన్యసంఘము ఆదిహిందూ నామమును ధరించెను; 1931 నాటి నిజాము రాజ్యపు జనాభా లెక్కలలో గూడ ఆ పేరు ఎక్కినది.

బడి పట్టికలోని పేరు ఎంతటి పనిచేయునో మేము ఆలస్యముగా నేర్చుకొంటిమి. ఉద్యోగములో చేరిన తొలిదినములలో, ఉపకారవేతనము పొందు బాలురు లేచి నిలువవలసినదని తరగతినడుమ మేము ఆజ్ఞాపించితిమి. పత్రములు త్వరగా పూర్తి చేయవలయునని తప్ప మాకు వేరు తలంపు లేదు. లేచినవారిలో ఒక బాలుడు మరునాడు రాలేదు. వారము గడచినను రాలేదు. వాని యింటికి పోతిమి. తల్లి మాకు మంచినీళ్లిచ్చెను. బాలుడు తలయెత్తి చూడలేదు. మేమును ఆ జనులలో పుట్టినవారమే. ఆ బాధను మరచితిమి. నాటినుండి అట్టి పత్రములను ఒక్కొక్కరిని విడిగా పిలిచి పూర్తిచేయించితిమి. ఆ బాలుడు తిరిగి బడికి వచ్చెను గాని, తరగతిలో వాని నవ్వును మరల చూచుటకు ఒక సంవత్సరము పట్టినది. వర్మగారు తమ బడులను వేరుగా ఎందుకు తెరచిరో మా కానాడు బోధపడినది. ఎవ్వరును ప్రత్యేకముగా లేచి నిలువ నక్కరలేని తరగతి యది.

వర్మగారి కాలమున సర్వము సుఖాంతమైనదని వ్రాసినచో అది స్తోత్రమగును గాని చరిత్రము కాదు. సంఘములో మాలలకు దక్కినంత స్థానము తమకు దక్కలేదని తలంచి మాదిగ సోదరులు అరుంధతీయ నామమున వేరు సంఘ మేర్పరచుకొనిరి. వర్మగారు స్వయముగా వెట్టి మాదిగ యను రచన చేసి, వారి కష్టమును లోకమునకు చూపినవారే. అయినను ఒక్క కలముతో చూపిన సానుభూతి సభాస్థలమునందలి సమానస్థానమునకు బదులు కాజాలలేదు. ఆ చీలిక బాధ నేటికిని మనలను విడువలేదు. ఇరువర్గముల పెద్దలును ఎదుటివారి తప్పును లెక్కించుటలో చూపు శ్రద్ధను, పిల్లలను ఒక్క పలకచుట్టు కూర్చుండబెట్టుటలో చూపిరేని ఎంత బాగుండెడిది!

రెండు బడులతో మొదలైన కృషి 1934 ప్రాంతమునకు 26 పాఠశాలలై, వానిలో 2,500 మందికి పైగా పిల్లలు చదువుచుండిరి. సగటున బడికి నూరుగురు. సంఖ్య పెరిగినను బడి చిన్నదిగనే యుండుట గమనింపదగినది. ఆ దశలో ప్రభుత్వము ఆ పాఠశాలలను స్వీకరించెను. చందాలపై ఆధారపడిన బడులకు ఖజానా అండ లభించుట గొప్ప విజయమే. మన పిల్లల చదువు మన యొక్కరి భారము కాదనియు, రాజ్యముయొక్క బాధ్యత యనియు అంగీకరింపజేయుట వర్మగారి జీవితములో అతిముఖ్యఘట్టము. కాని ప్రభుత్వము జీతము నీయగలదు. రాని బాలుని గుమ్మమున నిలుచు పనిని సంఘమే చేయవలయును. బడి చేతులు మారిన పిమ్మట ఆ పనిని మనమెంతవరకు నిలుపుకొంటిమన్న ప్రశ్నకు మేము సంతోషముగా సమాధానము చెప్పజాలము.

1931లో భాగ్యనగర్ పత్రికను వెలువరించి, కలముతో గూడ వర్మగారు తమ సేవను సాగించిరి. తమ జీవితమున మూడువేలకు మించి ఉపన్యాసము లిచ్చిరని ప్రసిద్ధి. 1939 ఫిబ్రవరి 18వ తేదీన, 51వ యేడు నిండకమునుపే, వారు కీర్తిశేషులైరి. చాదర్‌ఘాటులోని ఆదిహిందూ భవనము వారి కృషిని స్మరింపజేయుచున్నది.

పోషకమహాశయులారా! మన సంఘము ప్రతియేటను మంచి శ్రేణిలో ఉత్తీర్ణులైన పిల్లలకు శాలువలు కప్పి బహుమానములిచ్చుచున్నది. అది యుక్తమే. కాని నడుమ బడి మానిన పిల్లవాని పేరు మన పట్టికలలో ఎచ్చటను లేదు. ఈ శ్రీనగర్ కాలనీ మేడలలో అంట్లు తోమి, నేల తుడిచి జీవించు తల్లుల బిడ్డలలో ఎందరు ఈ యేడు బడికి పోవుటలేదో మనలో ఎవరైనను చెప్పగలరా? అట్టివారి పేళ్లు వ్రాయు పుస్తకమొకటి ఈ మహాసభనుండియే తెరువవలయునని మేము ప్రార్థించుచున్నాము. దానిలో మాలయనియు మాదిగయనియు గడి గీయవలదు. బిడ్డ పేరును, వాని గుమ్మమునకు పోవు సభ్యుని పేరును వ్రాసిన చాలును. మొదటి పుటలో పోవువారి పేరుగా మా పేరును వ్రాసికొనవచ్చును. ముసలితనము వచ్చినను మా కాళ్లు ఇంకను నడచుచున్నవి.

సమజమును సమాజముగా మార్చు ఆ దీర్ఘము మన చేతిలోనే యున్నది. వర్మగారి ఆశీస్సులు మన పిల్లలకు సదా లభించుగాక!