సంగీతోపాధ్యాయుడు కార్ల్ చెర్నీ

పియానో నేర్చుకొను బాలబాలికలలో కార్ల్ చెర్నీ పేరు వినని వారుండరు. అయితే ఆ పేరు వినగానే వారికి కలుగునది సంతోషము కాదు. మన సంగీత విద్యార్థులకు సరళీవరుసలు, జంటవరుసలు ఎట్టివో, పియానో విద్యార్థులకు చెర్నీ అభ్యాసములు అట్టివి. వానిని విసుగుతోనే ఆరంభింతురు; అవి లేక ముందునకు పోజాలరు. ఆ అభ్యాసముల వెనుకనున్న మనుష్యుని మాత్రము ఎరిగినవారు కొలదిమంది. తాను కీర్తి సంపాదించుకొనుటకు తగిన శక్తి యుండియు, ఆ శక్తినంతయు ఇతరులకు విద్య గరపుటకే వినియోగించిన ఈ ఉపాధ్యాయుని చరిత్రమును మా చదువరులకు తెలుపుట యుక్తమని తలచితిమి.

చెర్నీ 1791వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీన ఆస్ట్రియా దేశపు ముఖ్య పట్టణమగు వియన్నాలో జన్మించెను. తలిదండ్రులు చెక్ జాతివారు. ఇంట మాటాడునది ఆ భాషయే. తండ్రి వెంజెల్ చెర్నీ ఇంటింట పియానో పాఠములు చెప్పి కుటుంబమును పోషించుకొను సామాన్యుడు. ఏకైక పుత్రుడగు కార్ల్‌నకు ఆయనయే తొలి గురువు. బాలుడు మూడవయేటనే పియానో మెట్లపై వ్రేళ్లుంచెను. ఏడవయేట చిన్న చిన్న రచనలు చేయసాగెను. తోడి బాలురతో ఆడుకొనుట అరుదు. ఇల్లే పాఠశాల, పియానోయే నేస్తము.

పదియేండ్ల ప్రాయమున అతని జీవితమును మార్చిన సంఘటన జరిగెను. కుటుంబమిత్రుడును వయొలిన్ విద్వాంసుడును అగు క్రుంఫోల్ట్జ్ ఆ బాలుని బీథోవెన్ యొద్దకు తోడ్కొనిపోయెను. ఎత్తయిన మేడమీది గదిలో కాగితములు, బట్టలు చిందరవందరగా పడియుండెను. దువ్వని నల్లని జుట్టుతో, గరుకైన దుస్తులతోనున్న బీథోవెన్ చెవులలో దూదియుండుటను బాలుడు గమనించెను. ఆ దూదికి అర్థము అప్పటికి వానికి తెలియదు. వాడు మొదట మొజార్ట్ రచించిన కన్‌చర్టో నొకదానిని, పిమ్మట బీథోవెన్ స్వయముగా రచించిన పథెటిక్ సొనాటాను వాయించెను. విన్న బీథోవెన్ వానిని శిష్యునిగా చేర్చుకొనెదనని తండ్రితో చెప్పెను.

ఆ మహారచయిత బాలునకు మొదట చెప్పినవి గొప్ప గొప్ప రచనలు కావు. అన్ని స్వరస్థానములనుండియు ఆరోహణావరోహణములు, చేయి నిలుపు తీరు, బొటనవ్రేలిని ఉపయోగించు విధము, ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు తెగకుండ సాగుట—ఇవియే తొలి పాఠములు. పునాది బలముగా వేయనిదే గోడ నిలువదను సత్యమును చెర్నీ అచ్చటనే గ్రహించెను. ఆ పాఠములు బహుకాలము సాగలేదు. బీథోవెన్‌నకు రచనా వ్యాసంగము హెచ్చెను. కుమారుని వెంట పోవుచుండుటచే తండ్రికి తన పాఠములపై వచ్చు రాబడి తగ్గెను. అయినను గురుశిష్యుల స్నేహము బీథోవెన్ మరణపర్యంతము నిలిచెను. లిఖ్నోవ్‌స్కీ ప్రభువు బీథోవెన్ రచనలలో దేని సంఖ్య చెప్పినను, చెర్నీ చూడకుండ వాయించుచుండెనట. 1812లో బీథోవెన్ అయిదవ పియానో కన్‌చర్టోను వియన్నా నగరవాసులకు మొట్టమొదట వినిపించినవాడు ఇరువది సంవత్సరముల చెర్నీయే.

ఇట్టివాడు దేశదేశములు తిరిగి కచ్చేరీలు చేయక ఇంటిపట్టుననే ఏల యుండెను? 1805లో బీథోవెన్ ఇచ్చిన యోగ్యతాపత్రముతో ఒక యాత్ర తలపెట్టెను. కాని అది నెపోలియన్ యుద్ధముల కాలము, తలిదండ్రులు పెద్దవారైరి. యాత్ర ఆగిపోయెను. అదియు గాక, సభలను మురిపించు ఆడంబరము తన వాదనములో లేదని ఆయనయే ఎరుగును. తన బలమును, తన కొదవను ఇంత నిర్మలముగా తెలిసికొనుట యౌవనమున అందరికిని సాధ్యము కాదు. అప్పటికే, అనగా పదునైదవయేటనే, ఆయన పాఠములు చెప్ప నారంభించెను. తరువాత ఏండ్ల తరబడి దినమునకు పది, పండ్రెండు గంటలు పాఠములు చెప్పుచు, రాత్రులు రచన చేయుచుండెను. 1836 వరకును ఈ విధముగా నడచెను.

బీథోవెన్ వలన చెర్నీ పొందిన గొప్ప పాఠము ఒకటి 1816లో జరిగిన అవమాన మూలమున లభించెను. ఒక సభలో బీథోవెన్ రచనయగు పంచవాద్య గీతమును వాయించుచు, యౌవనోత్సాహమున చెర్నీ తనకు తోచిన అలంకారములను చేర్చెను. బీథోవెన్ అందరియెదుట ఆయనను కఠినముగా మందలించెను. మరునాడే తన తొందరపాటునకు విచారము తెలుపుచు జాబు వ్రాసెను. అయినను రచన చేసినవాడు తాను వ్రాసినది వ్రాసినట్లు వినగోరునను మాటను మాత్రము విడువలేదు. ఆ జాబు తన దురభ్యాసమును మాన్పినదని చెర్నీ తరువాత వ్రాసికొనెను. తన బోధన గ్రంథములోను బీథోవెన్ రచనలకు ఏమియు చేర్చరాదు, తీసివేయరాదు అని శాసించెను.

కొలది కాలమునకే బీథోవెన్ మృతుడైన తన తమ్ముని కుమారుని చెర్నీకి అప్పగించెను. ఆ సందర్భమున వ్రాసిన జాబులో, వ్రేళ్ల క్రమమును తాళమును కుదిరిన పిదప బాలుని చిన్న తప్పులకై నడుమ ఆపవలదనియు, వాయించుట ముగిసిన తరువాతనే చెప్పవలెననియు, ఓర్పుతో నడపుమనియు కోరెను. అడుగడుగున మందలింపబడు విద్యార్థికి సంగీతము భయమగును గాని ఆనందము కాదు. బోధించు వారందరును గమనింపదగిన మాట యిది.

1819లో ఆడం లిస్ట్ అను హంగరీదేశస్థుడు తన కుమారుని తీసికొని వచ్చెను. ఎనిమిదేండ్ల ఆ బాలుడు పాలిపోయిన ముఖముతో రోగివలె నుండెను. వాయించునపుడు పీటమీద అటునిటు తూలుచుండెను. వ్రేళ్లకు క్రమము లేదు, తాళమునకు నిలుకడ లేదు. అయినను ప్రకృతి వానికిచ్చిన ప్రతిభను చూచి చెర్నీ ఆశ్చర్యపడెను. 1822లో ఆ కుటుంబము వియన్నా చేరగా పాఠములు మొదలయ్యెను. కొన్ని పాఠములైన పిమ్మట తండ్రి రుసుము ఇయ్యబోగా చెర్నీ పుచ్చుకొనలేదు. పగలంతయు డబ్బిచ్చు శిష్యులకు పాఠములు చెప్పి అలసిన ఆయన, సాయంకాలములు ఈ బాలునికై ఉచితముగా కేటాయించెను. బాలుడు మొదట ఆ నియమములకు విసిగికొనెను. గురువు పట్టు విడువలేదు. ఆ బాలుడే యూరపునంతయు ఉర్రూతలూగించిన ఫ్రాంజ్ లిస్ట్. ఆయన గురువును మరువలేదు. 1852లో ప్రకటించిన తన మిక్కిలి కఠినములైన పియానో అభ్యాసములను చెర్నీకి అంకితమిచ్చెను. తానును వృద్ధాప్యమున వైమార్ నగరములో శిష్యులయొద్ద రుసుము తీసికొనక విద్య చెప్పెను. పియానో బోధకులలో అగ్రగణ్యుడైన లెషెటిట్‌స్కీయు బాల్యమున చెర్నీ శిష్యుడే.

చెర్నీ రచనల సంఖ్య 861 వరకు పోయినది. వానిలో 299వదియు, 740వదియు నేటికిని విద్యార్థుల యెదుట నిలుచుచున్నవి. ఒక వ్రాతబల్లపై పుట సిరా ఆరులోపల మరియొక బల్లకు పోయి వేరొక రచన సాగించుచుండెనని చూచినవారు చెప్పిరి. 1839లో వెలువడిన 500వ రచన పియానో విద్యకు సమగ్ర గ్రంథము. బీథోవెన్ రచనలను ఎంత వేగమున, ఏ భావముతో వాయింపవలెనో చెర్నీ వ్రాసియుంచిన వివరములను విద్వాంసులు నేటికిని సంప్రతింతురు.

ఈ శ్రమకు ఆయన చెల్లించిన మూల్యము తక్కువ కాదు. షూమన్ ఆయన రచనలు కల్పనాశక్తి లేనివని నిందించెను. అతిగా వ్రాయుటచే గురువు తన శక్తిని వ్యయపరచెనని లిస్ట్ సైతము విచారించెను. ఆ మాటలలో కొంత నిజము లేకపోలేదు. చెర్నీ గంభీర రచనలు పెక్కులు వ్రాతప్రతులుగనే మిగిలిపోయెను. అయినను ఇరువదవ శతాబ్దమున స్ట్రావిన్‌స్కీ వంటి రచయిత చెర్నీ అభ్యాసములను సాధనచేసి, వానిలో నిజమైన సంగీతానందమును కనుగొనెను. మూలబడిన ఆయన సొనాటాలు, సింఫొనీలు ఇప్పుడు మరల వినవచ్చుచున్నవి.

చెర్నీ వివాహమాడలేదు. తల్లి 1827లో, తండ్రి 1832లో గతించువరకు వారిని తనయొద్దనే పోషించెను. 1857 జూలై 15వ తేదీన వియన్నాలోనే మరణించెను. కూడబెట్టిన ధనములో అధికభాగమును సంగీత సంఘమునకును, ధర్మసంస్థలకును వ్రాసియిచ్చెను. ఆ సంస్థలలో చెవిటి మూగవారి ఆశ్రమమొకటి. గురువు చెవులలో దూదిని చూచిన బాలుడు వృద్ధుడై చేసిన దానమిది.

కచ్చేరీ చేసిన వానికి ఆ రాత్రియే చప్పట్లు వినబడును. ఉపాధ్యాయునకు దక్కు చప్పట్లు ఇతరుల సభలలో, ఇతరుల పేర, తరుచుగా ఆయన గతించిన తరువాత మ్రోగును. బోధించువాడు సాధింపలేనివాడను చులకన మాట లోకమున నున్నది. సాధింపగలిగియు బోధనమునే వరించిన చెర్నీ జీవితము దానికి సమాధానమని మేము నమ్ముచున్నాము. విద్యార్థులారా, నేడు మీకు విసుగు పుట్టించు పాఠమును ఎవరో ఒకరు రాత్రి దీపము చెంత కూర్చుండి మీకై సిద్ధపరచిరని మరువకుడు.