రాగిరేకుల మీద మన పట్టణాలు
(థామస్ డానియెల్ జీవితం)

— ద్వితీయ బి.యస్సీ. విద్యార్థి

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. నేను చిత్రకళ నేర్చినవాణ్ణి కాను. ఫిజిక్సు, కెమిస్ట్రీ చదువుకుంటున్న రైతుబిడ్డని. మా ఊళ్ళో, మా ఇంటి వసారాలో ఓ పాత క్యాలెండరు బొమ్మ ఉండేది. సముద్రపు ఒడ్డున తెల్లటి కోట, ఎగిసిపడే అలల్లో పడవలు. అది చెన్నపట్నమనీ, గీసినాయన ఎవరో తెల్లదొర అనీ మా తాతయ్య చెప్పేవాడు. కాలేజీకొచ్చాక లైబ్రరీలో ఓ పుస్తకం తిరగేస్తుంటే అదే బొమ్మ కనబడింది. కింద పేరు చూద్దును గదా, థామస్ డానియెల్. కుంపిణీ కాలపు పట్టణ దృశ్యాల పుస్తకాలు సేకరించేవాళ్ళు ఈనాటికీ కళ్ళకద్దుకునే పేరది. ఆయన కథే ఈ వ్యాసం.

థామస్ డానియెల్ 1749లో ఇంగ్లండులో, థేమ్స్ నది ఒడ్డున ఉన్న కింగ్‌స్టన్‌లో పుట్టాడు. తండ్రి పూటకూళ్ళ సత్రం నడుపుకునే సామాన్యుడు. కొడుకు చిన్నతనంలోనే గుర్రపు బళ్ళకు రంగులూ, ప్రభువుల చిహ్నాలూ వేసే పనిలో చేరాడు. బళ్ళకు రంగులేసిన ఆ చెయ్యే 1773లో లండన్ రాయల్ అకాడమీ పాఠశాల మెట్లెక్కింది. కానీ లండన్‌లో చిత్రకారులకు కొదవ లేదు. ప్రకృతి దృశ్యాలు గీసేవాడికి గిరాకీ తక్కువ. విలియం హాడ్జెస్ అనే చిత్రకారుడు 1780 నుంచి 1783 దాకా మన దేశంలో తిరిగి బొమ్మలు గీసుకుని వెళ్ళాడు. డానియెల్ కూడా ఈ దారే పట్టాడు. 1784లో ఈస్టిండియా కుంపిణీ దగ్గర అనుమతి సంపాదించి, మరుసటేడు ఓడెక్కాడు. వెంట అన్న కొడుకు విలియం. తండ్రి చనిపోయిన పిల్లవాడు, అప్పటికి పదహారేళ్ళు. పినతండ్రే గురువు, పినతండ్రే దిక్కు.

చైనా మీదుగా 1786లో కలకత్తా చేరారు. అక్కడ చేసిన మొదటి పని పన్నెండు కలకత్తా దృశ్యాలు అచ్చువేయడం. అచ్చు పనివాళ్ళు దొరకని ఊళ్ళో రాగిరేకు చెక్కడం నుంచి అచ్చు తీయడం దాకా తానే మీదేసుకున్నాడు. స్థానిక పనివాళ్ళకు నేర్పించి సాయం చేయించుకున్నాడు. 1788 నాటికి పన్నెండూ పూర్తయ్యాయి. వాటిలో పాతకోట, పాత కోర్టు భవనం, రైటర్స్ బిల్డింగ్, వీధుల్లో పల్లకీలు, ఎడ్లబళ్ళు, నౌకర్లు అన్నీ ఉన్నాయి. ఆ కోర్టు భవనాన్ని 1792లో కూల్చేశారు. ఇవాళ దాని రూపం తెలుసుకోవాలంటే ఆ బొమ్మ చూడాల్సిందే.

తర్వాత 1788 నుంచి 1791 దాకా గంగ వెంబడి పడవల్లోనూ, ఆపైన నేల మీదా ప్రయాణం. కాశీ, ఆగ్రా, ఢిల్లీ, చివరికి హిమాలయాల్లో గఢ్వాల్ శ్రీనగరం దాకా వెళ్ళారు. వాళ్ళు వాడిన సాధనం పేరు వింటే మా ఫిజిక్సు మిత్రులు సంతోషిస్తారు. కెమెరా అబ్‌స్క్యూరా! అంటే చీకటి పెట్టె. ఒక వైపు కటకం. ఎదుట ఉన్న గోపురం, మసీదు కాంతి అందులోంచి వచ్చి కాగితం మీద పడుతుంది. ఆ రూపం వెంబడి పెన్సిలు నడిపితే కొలతలు తప్పవు. మనం ల్యాబులో కుంభాకార కటకంతో తెర మీద కిటికీ ప్రతిబింబం పట్టుకుంటామే, సూత్రం అదే.

దక్షిణ యాత్రకు డబ్బు చాలక, గీసిన తైలచిత్రాలను లాటరీ పద్ధతిలో అమ్మారు. 1792 మార్చిలో ఓడ మీద మద్రాసు చేరారు. అప్పుడే మూడో మైసూరు యుద్ధం ముగిసింది. టిప్పు సుల్తాను కోటలంటే ఇంగ్లండులో ఒకటే ఆసక్తి. పినతండ్రీ కొడుకులు బెంగుళూరు వైపు వెళ్ళి కొండకోటలు గీశారు, మదుర మీదుగా కన్యాకుమారి దాకా పోయి మళ్ళీ మద్రాసు వచ్చారు. సెయింట్ జార్జి కోట, తెలుగువాళ్ళు ఎందరో కాపురమున్న బ్లాక్ టౌన్ (తర్వాతి జార్జి టౌన్), సెయింట్ థామస్ మౌంట్ దగ్గరి ఆర్మీనియన్ వంతెన ఆయన గీసిన బొమ్మల్లో చేరాయి.

ఇక్కడ నాకొక్క సంగతి గొంతులో అడ్డుపడుతుంది. వాళ్ళ ఓడ కలకత్తా నుంచి దక్షిణానికి సాగిన రోజుల్లోనే మన ఉత్తర సర్కారుల్లో ఘోరమైన కరువు. 1791-92లో ఆ తీరంలో జనం తిండి లేక రాలిపోయారు. అంతకు ముందు 1770లో బెంగాలును ఊడ్చేసిన కరువూ ఉంది. డానియెల్ బొమ్మల్లో చెట్లు పచ్చగా ఉంటాయి, ఆకాశం నిర్మలంగా ఉంటుంది, మనుషులు బొమ్మకు కొలత చూపించడానికన్నట్టు చిన్నచిన్నగా నిలబడతారు. ఆకలి ఎక్కడా కనబడదు. ఆయన అబద్ధం గీశాడని నేననను. కొనేవాళ్ళు అడిగింది గోపురాలూ భవనాలూ. ఆయన బతుకుతెరువు అది. కానీ వానకోసం ఆకాశం వైపు చూసే ఇంట్లో పుట్టినవాడు ఆ నిర్మలమైన ఆకాశాన్ని మరో కంటితో చూడకుండా ఉండలేడు.

1793లో బొంబాయి వెళ్ళి ఎలిఫెంటా, కార్లే గుహలు గీసి, 1794లో ఇంగ్లండు చేరారు. అసలు శ్రమ అక్కడ మొదలైంది. 1795 నుంచి 1808 వరకు పదమూడేళ్ళపాటు ‘ఓరియంటల్ సీనరీ’ అనే మహాగ్రంథం ఆరు భాగాలుగా వెలువడింది. భాగానికి ఇరవైనాలుగు చొప్పున మొత్తం 144 చిత్రాలు. ఖరీదు 210 పౌన్లు! సంపన్నులకే అందే వస్తువు.

ఆ అచ్చు పద్ధతి పేరు ఆక్వాటింట్. మా కెమిస్ట్రీ వాళ్ళ కోసం రెండు ముక్కలు. రాగిరేకు మీద గుగ్గిలం లాంటి జిగురు పొడి చల్లి, వేడిచేస్తే అది అంటుకుంటుంది. రేకును ఆమ్లంలో ముంచితే పొడి రేణువుల మధ్య రాగిని ఆమ్లం తినేసి సన్నని గుంటలు పడతాయి. తెల్లగా ఉండాల్సిన చోట వార్నిష్ పూస్తారు. నల్లబడాల్సిన చోటును ఎక్కువసేపు ఆమ్లంలో ఉంచుతారు. గుంట ఎంత లోతైతే సిరా అంత పట్టి, నీడ అంత చిక్కనవుతుంది. అచ్చయిన కాగితాలకు చేత్తో నీటిరంగులు అద్దుతారు. అందుకే ఒకే బొమ్మ రెండు ప్రతులు పక్కపక్కన పెడితే రంగుల్లో తేడా కనబడుతుంది. సేకరించేవాళ్ళు భూతద్దం పట్టుకుని వెతికేది ఇలాంటివే.

1799లో థామస్ రాయల్ అకాడమీ పూర్తి సభ్యుడయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. కొడుకులా పెంచిన విలియం కూడా గొప్ప చిత్రకారుడై, 1837లో పినతండ్రి కంటే ముందే పోయాడు. ముసలాయన మరో మూడేళ్ళు బతికి, 1840 మార్చిలో తొంభై దాటిన వయసులో లండన్‌లో కన్నుమూశాడు. ఇండియాలో ఉన్నది సుమారు ఏడేళ్ళు. మిగిలిన జీవితమంతా ఆ ఏడేళ్ళనే గీస్తూ గడిపాడు.

ఆయన తైలచిత్రాలు కలకత్తా విక్టోరియా మెమోరియల్‌లో భద్రంగా ఉన్నాయి. 1990లలో మార్టినెల్లి అనే ఇటలీ ఫొటోగ్రాఫరు డానియెల్ నిలబడ్డ తావులు వెతుక్కుంటూ వచ్చి ఫొటోలు తీశాడు. పుస్తకాల గతే అన్నిచోట్లా అంత బాగాలేదు. పుస్తకంగా అమ్మితే వచ్చేదానికన్నా బొమ్మలు విడదీసి, ఫ్రేములు కట్టి అమ్మితే ఎక్కువొస్తుందని కుట్టు విప్పేసే వ్యాపారులున్నారు. ఒక్కసారి విడిపోయిన పుస్తకం మళ్ళీ చేరదు. గోడకెక్కిన బొమ్మ వెలుతురుకు వెలిసిపోతుంది. ఇక మన ఊళ్ళల్లో చెదలూ, తేమా చేసే పని వేరే చెప్పక్కర్లేదు.

మిత్రులారా, 210 పౌన్ల పుస్తకాలు మనమెవరం కొనలేం. కానీ మన ఇళ్ళల్లో అటక మీద పాత ఫొటోలు, దస్తావేజులు, మన ఊరి బొమ్మలున్న పుస్తకాలు ఉంటాయి. తూకానికి వేసేముందు ఒక్కసారి విప్పి చూడండి. వెనక పెన్సిలుతో ఊరి పేరు, సంవత్సరం రాసి పెట్టండి. అందులో ఉన్నదేమిటో, లేనిదేమిటో కూడా అడగండి. సెలవులకు వెళ్ళినప్పుడు మా వసారాలో క్యాలెండరు బొమ్మ దించి చూశాను. సగం చెద తినేసింది. మిగిలిన సగం కాగితంలో చుట్టి పెట్టెలో పెట్టాను. తాతయ్య ఉంటే ఎందుకురా అనేవాడేమో. ఎందుకో ఈ వ్యాసంలో చెప్పాననే అనుకుంటున్నాను.