మూసీకి ఎగువనే కళ్లెం వేసిన మోక్షగుండం

నల్లగొండ: 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి హైదరాబాదులో వేలాది ప్రాణాలను బలిగొన్నది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై నగరానికి వచ్చిన ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన 1861 సెప్టెంబరు 15న ముద్దెనహళ్లిలో జన్మించారు. పూర్వీకులది మోక్షగుండం. పుణెలో ఇంజినీరింగు చదివి బొంబాయి ప్రభుత్వ కొలువులో పేరు గడించారు.

వరదను ఎగువనే నిలపాలని ఆయన సూచించారు. ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నగరానికి మురుగు కాలువల పథకాన్నీ రూపొందించారు. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు ఇరుకు బస్తీలను తొలగించి రహదారులు, ఇళ్లు, మార్కెట్లు నిర్మించింది. ఏ వీధికి ఎంత వెచ్చించాలో నిర్ణయించిన ఆ బోర్డును ప్రజలు ఎన్నుకోలేదు. సొమ్ము సర్కారు ఖజానాది. ఖజానాకు ప్రధాన ఆదాయం భూమిశిస్తు. నల్లగొండ, పాలమూరు రైతులు చెల్లించిన శిస్తు కూడా అందులో ఉన్నది. పట్నం వైభవాన్ని వర్ణించేవారు ఈ సంగతిని తలచడం అరుదు.

అనంతరం 1912 నుంచి 1918 వరకు మైసూరు దివానుగా పనిచేసిన విశ్వేశ్వరయ్యకు 1955లో భారతరత్న లభించింది. నూరేళ్లు నిండిన పిమ్మట 1962 ఏప్రిల్ 14న కన్నుమూశారు. నగరపు మురుగు మాత్రం నేటికీ మూసీ వెంట భువనగిరి, సూర్యాపేట ప్రాంతాల మీదుగా ప్రవహించి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తున్నది.