విలియం జేమ్స్

భయం వేసినందువల్ల గుండె దడదడలాడుతుందని లోకుల నమ్మకం. గుండె దడదడలాడడాన్ని మనస్సు గ్రహించడమే భయమని వాదించి, ఆ క్రమాన్ని తలకిందులు చేసినవాడు విలియం జేమ్స్.

జేమ్స్ 1842 జనవరి 11న న్యూయార్క్ నగరంలో సంపన్న కుటుంబంలో జన్మించాడు. ప్రఖ్యాత నవలాకారుడు హెన్రీ జేమ్స్ ఇతని తమ్ముడు. యౌవనంలో చిత్రకళను అభ్యసించి కొద్దికాలానికే విడిచిపెట్టాడు. 1861లో హార్వర్డ్‌లో రసాయనశాస్త్ర విద్యార్థిగా చేరి, అనంతరం వైద్యవిద్యకు మళ్లాడు. 1869లో పట్టం పుచ్చుకున్నాడే గాని వైద్యవృత్తిని చేపట్టనేలేదు.

ఆ సంవత్సరాలు అతనికి గడ్డుకాలం. కంటిజబ్బు, నడుమునొప్పి ఒకవైపు. తీరని విషాదం మరొకవైపు. మనిషి దేహధర్మాలు ఆడించినట్లు ఆడే యంత్రమే అయితే సంకల్పానికి విలువేమున్నదన్న ప్రశ్న అతణ్ణి ప్రాణత్యాగపు తలంపుల వరకు ఈడ్చుకుపోయింది. 1870లో ఫ్రెంచి తత్త్వవేత్త రెనూవియే రచన చదివి, సంకల్పస్వాతంత్ర్యాన్ని విశ్వసించి చూడాలని నిశ్చయించుకున్నాడు. వ్యాధి ఒక్కనాటితో తీరలేదు. కాని నిలదొక్కుకోవడానికి ఆధారం దొరికింది.

1873లో హార్వర్డ్‌లో శరీరశాస్త్ర బోధకుడై, రెండేళ్లకే మనోవిజ్ఞానాన్ని బోధింపసాగాడు. 1884లో 'మైండ్' పత్రికలో భావోద్వేగాలపై వ్యాసం ప్రకటించాడు. ఎలుగుబంటి కనబడగానే దేహం వణుకుతుంది, కాళ్లు పరుగెత్తుతాయి. ఆ మార్పుల అనుభూతియే భయం. కోపం నుండి ఎగసే ఊపిరిని, బిగిసే పళ్లను, ఎర్రబడే ముఖాన్ని తీసివేస్తే మిగిలేది కోపం కాదు, పొడి ఆలోచన మాత్రమే. మన ఆలంకారికులు కన్నీరు, కంపం, పులకరింత మొదలైనవాటిని భావం వెలికి వచ్చే తీరులుగా లెక్కించారు. జేమ్స్ వాటినే భావానికి పుట్టినిల్లు చేశాడు. మరుసటి ఏడాది డెన్మార్క్ వైద్యుడు కార్ల్ లాంగే స్వతంత్రంగా ఇటువంటి అభిప్రాయాన్నే వెలిబుచ్చడంతో ఇది జేమ్స్-లాంగే సిద్ధాంతమైంది.

దుఃఖంలో ఉన్నవాడు ముడుచుకుని కూర్చోక, నిటారుగా నిలిచి, ఉల్లాసవంతుని వలె ప్రవర్తించాలని ఈ సిద్ధాంతం ఆధారంగా జేమ్స్ బోధించాడు. విషాదపు లోతులు చూసినవాడు చెప్పిన మాట కనుకనే దీనిని తేలికగా తోసివేయరాదు.

పన్నెండేళ్ల శ్రమఫలమైన అతని మనోవిజ్ఞాన మహాగ్రంథం 1890లో రెండు సంపుటాలుగా వెలువడింది. హృద్రోగంతో బాధపడుతూ 1910 ఆగస్టు 26న న్యూ హాంప్‌షైర్‌లోని తన పల్లెనివాసంలో మరణించాడు.

1927లో వాల్టర్ కానన్ ఈ సిద్ధాంతాన్ని గట్టిగా విమర్శించాడు. కోపంలోను భయంలోను అంతరవయవాల మార్పులు ఇంచుమించు ఒక్కటేననీ, అవి భావోద్వేగం కన్న మందగతిలో సాగుతాయనీ చూపాడు. ఈ కానన్ ఒకప్పుడు హార్వర్డ్‌లో జేమ్స్ వద్ద చదువుకున్నవాడే.