మన కాలువ వెనక ఉన్న ఇంజినీరు

మాది బాన్సువాడ. మా దగ్గర వరి పండుతోందంటే నిజాంసాగర్ కాలువ పుణ్యమే. ఆ ప్రాజెక్టు ఎవరు కట్టారని అడిగితే అందరూ నిజాం పేరే చెప్తారు. డబ్బు ఆయనదే, ఒప్పుకుంటా. కానీ లెక్కలు వేసి కట్టించిన ఇంజినీరు మీర్ అహ్మద్ అలీ. బిరుదుతో కలిపి నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్.

ఆయన 1877 జులై 11న హైదరాబాద్‌లో పుట్టారు. నిజాం కాలేజీలో చదివి, 1896లో సర్కారు స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్‌లోని కూపర్స్ హిల్ ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్ళారు. మనలో చాలామందికి అక్కడికి వెళ్ళడమే గోల్. ఆయన మాత్రం 1899లో తిరిగొచ్చి పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంట్ ఇంజినీర్‌గా చేరారు. 1918కల్లా చీఫ్ ఇంజినీర్ అయ్యారు. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌ను కాపాడటానికి మొదలైన పనుల్లో హిమాయత్‌సాగర్ ఆయన హయాంలోనే, 1927లో పూర్తయింది. వైరా, పాలేరు చెరువులు కూడా ఆయన కాలానివే.

నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో ముగిసింది. అచ్చంపేట, బంజేపల్లి ఊళ్ళ మధ్య మంజీరకి అడ్డంగా దాదాపు మూడు కిలోమీటర్ల రాతికట్ట. 2.75 లక్షల ఎకరాలకు నీళ్ళివ్వాలని ప్లాన్. బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు పండింది కూడా ఈ నీళ్ళతోనే. దీనికోసం నలభై ఊళ్ళు ఖాళీ చేయించారు. ఆయన్ని పొగిడే వ్యాసాల్లో ఈ మాట ఎక్కువగా కనపడదు, అందుకే రాస్తున్నా.

నాది సీఎస్‌ఈ. అయినా ఈ కట్ట నాకు ఎందుకు పట్టిందంటే, ఇరవై ఏళ్ళు కూడా నిండని మా ఇంటి స్లాబ్ పెచ్చులూడుతోంది. లోపల సలాకలు ఎర్రగా కనిపిస్తున్నాయి. మామూలుగా సిమెంటులోని క్షారం సలాక మీద సన్నని పొర కట్టి తుప్పు పట్టనివ్వదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మెల్లగా లోపలికి పోయి ఆ క్షారాన్ని తగ్గిస్తుంది. ఉప్పు చేరితే ఆ పొర ఇంకా త్వరగా పోతుంది. తుప్పు ఉబ్బి, ఇనుముకంటే ఎక్కువ చోటు కావాలంటుంది, కాంక్రీటు పగులుతుంది. మా స్లాబ్‌లో సలాకల కింద కవర్ బ్లాకులు పెట్టలేదని ఇప్పుడు చూసిన మేస్త్రీ చెప్పాడు. పైసల్లో చూస్తే అది చాలా చిన్న ఖర్చు. ఇప్పుడు పెచ్చులు కొట్టి, తుప్పు గీకి, సలాకకి పూత వేసి, మళ్ళీ మోర్టార్ పెట్టాలి. ఎంతవుతుందో విని నాన్న మాట్లాడలేదు.

నిజాంసాగర్‌కి ఈ బాధ లేదు. కట్ట నిలబడేది రాళ్ళ బరువుతో, లోపలి సలాకలతో కాదు. ఇనుమున్నది వరద గేట్లలో. అది కంటికి కనపడుతుంది కాబట్టి తుప్పు గీకి రంగు వేయొచ్చు, మరీ పాడైతే మార్చొచ్చు. స్లాబ్‌లో సలాక అలా కాదు, పగిలేదాకా చెప్పదు. అలాగని ఇల్లంతా రాయితో కట్టుకోలేం కదా!

1929లో సింధులోని సుక్కూర్ బ్యారేజీ పనులు చూడటానికి బొంబాయి ప్రభుత్వం విశ్వేశ్వరయ్యతో పాటు ఆయన్ని పిలిచింది. తర్వాత నెహ్రూ అధ్యక్షతన ఏర్పడిన నేషనల్ ప్లానింగ్ కమిటీలో నదులు, సాగునీటి సబ్‌కమిటీకి ఛైర్మన్ అయ్యారు. 1949 డిసెంబర్ 6న చనిపోయారు. విశ్వేశ్వరయ్య పుట్టినరోజు సెప్టెంబర్ 15న కాలేజీలో సెలబ్రేట్ చేస్తాం. జులై 11ని తెలంగాణ ఇంజినీర్స్ డేగా ప్రభుత్వం 2014లోనే ప్రకటించింది, మన క్యాంపస్‌లో ఎంతమందికి తెలుసు?

ఆయన కట్ట నిలబడింది గానీ చెరువు పూడింది. కట్టినప్పుడు 29.7 టీఎంసీలు పట్టేది. మట్టి చేరి సగానికంటే తక్కువైతే నీటిమట్టం పెంచారు. ఇప్పుడు 17.8 టీఎంసీలు. మిగతాదంతా మంజీర తెచ్చిన ఒండ్రే, నీళ్ళ కింద ఉంది.